పాదాల పీట

మా బాత్రూంలో ఒక చెక్కపీట ఉంది. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా "ఇదెందుకు ఇక్కడ?" అని అడుగుతారు. "బిడ్డది" అని ఊరుకుంటాను. ఆ పీట సంగతి చెప్పాలంటే దొడ్డికి పోవడం గురించి చెప్పాలి. అన్నం వేళకు వచ్చిన చుట్టాలకు అదెట్లా చెబుతాం? ఇక్కడైతే చెబుతాను. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోవచ్చు. పిల్లల్ని పెంచినవాళ్లెవరూ మూసుకోరని నాకు తెలుసు.

మాది సిరిసిల్ల. ఇప్పుడు ఉంటున్నది కోరుట్లలో. బిడ్డ పుట్టేనాటికి మా ఆయన జగిత్యాలలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తూ, తోటివాళ్లతో కలిసి ఒకే గదిలో ఉండేవాడు. ఆ గదిలోకి నన్నూ పసిపిల్లనూ తీసుకుపోయే వీలు లేదు. అందుకని నేను తల్లిగారింట్లోనే ఉండిపోయాను. పగలు బట్టలు కుట్టే షెడ్డుకు పనికి పోయేదాన్ని, పిల్లను అమ్మ చూసుకునేది. అమ్మ బీడీలు చుడుతుంది. బాపు ఇంటి పక్క షెడ్డులో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. కరెంటు ఉన్నంతసేపు ఆ చప్పుడు ఆగదు. అందుకే మా ఇంట్లో మామూలు మాట కూడా గట్టిగానే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన, మేం రోజూ కొట్లాడుకుంటామనుకున్నాడట.

నా బిడ్డ ఆ చప్పుడులో పుట్టి పెరిగింది. అమ్మ దానికి దొడ్డి అలవాటు చేసిన తీరు కొత్తదేం కాదు, మన ఇళ్లలో తల్లులందరూ చేసేదే. వాకిట్లో కూర్చుని, రెండు కాళ్లూ ముందుకు చాపి, పాదాల మధ్య కొంచెం సందు వదిలి, వాటి మీద పిల్లను తనవైపు తిప్పి కూర్చోబెట్టేది. కింద పాత పేపరు. పిల్ల అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చునేది. పని కాగానే పేపరు తీసేసి, పిల్లను కడిగి, తన కాళ్లూ చేతులూ సబ్బుతో తోముకునేది అమ్మ. నేను షెడ్డు నుంచి వచ్చేసరికి ఇదంతా ఎప్పుడో అయిపోయి ఉండేది. బిడ్డ శుభ్రంగా, పౌడరు వాసనతో నా ఒళ్లోకి వచ్చేది. దాని వెనక ఒక పని ఉందని నేనెన్నడూ ఆలోచించలేదు.

పిల్లకు మూడేళ్లు దాటాక మా ఆయన కోరుట్లలో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు. మేం ముగ్గురం కలిసి ఒక ఇంటి పైభాగంలో కిరాయికి దిగాం. కింద ఇంటివాళ్లు ఉంటారు. ఆ ఇంటావిడను మేం ఖాలా అని పిలుస్తాం, పిన్ని అన్నట్టు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ. ఇల్లు కొత్తది, బాత్రూంలో తెల్లటి కమోడ్, గోడల నిండా టైల్స్. సిరిసిల్లలో మాకు లేని భోగం అది. నేను మురిసిపోయాను. పిల్ల కోసం బాతు మొహం ఉన్న ప్లాస్టిక్ సీటు కూడా కొన్నాను, కమోడ్ మీద పెట్టడానికి.

ఆ బాతే కొంప ముంచింది. మొదటి వారంలోనే ఒకరోజు నేను నీళ్ల మగ్గు కోసం అటు తిరిగానో లేదో, సీటు పక్కకు జారింది. పిల్ల మడతపడి లోపలికి దిగబడిపోయింది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, చేతులు గాల్లో ఉన్నాయి. ఒక్క కేక పెట్టింది. నేను లాగి బయటికి తీసి, కంగారులో ఫ్లష్ నొక్కేశాను. ఆ నీళ్ల హోరుకు పిల్ల నన్ను గోళ్లతో పట్టేసుకుంది. నాకేమో ఆ తర్వాత నవ్వొచ్చింది. సాయంత్రం మా ఆయనకు చేసి చూపిస్తూ మళ్లీ నవ్వాను. బిడ్డకు నవ్వు రాలేదు. అది బీరువా పక్కన నిలబడి మమ్మల్ని చూస్తూ ఉంది.

అక్కడి నుంచి మొదలైంది. దొడ్డికి రమ్మంటే రాదు. రోజులు గడిచేవి. బీరువా వెనక సందులోకి పోయి, కాళ్లు మెలిపెట్టి, మునివేళ్ల మీద లేచి, మొహం ఎర్రగా చేసుకుని నిలబడేది. పాపం, ముక్కుతోంది గానీ రావడం లేదు అనుకునేదాన్ని. అది ముక్కడం కాదు, లోపలికి బిగపట్టడం అని నాకు తెలియదు. ఎట్టకేలకు వచ్చిన రోజున గట్టిగా, రాయిలా వచ్చేది, ఏడ్చేది, కొంచెం రక్తం కనపడేది. అంత నొప్పి పడ్డాక ఎవరు మాత్రం మళ్లీ పోదామనుకుంటారు? మరింత బిగపట్టేది.

ఇక ఇంటిల్లిపాదీ సాయానికి దిగాం. పిల్లలంటే ప్రాణం పెట్టే ఇల్లు మాది, ఆ ప్రేమంతా తీసుకుపోయి బాత్రూం తలుపు దగ్గర పెట్టాం. మల్లాపూర్ నుంచి అత్తమ్మ ఆముదం సీసాతో దిగింది. ఆముదం తాగిస్తే కక్కేసింది. తర్వాత సబ్బు ముక్కను పుల్లలా చెక్కి కింద పెట్టింది. మా ఆయనకు చిన్నప్పుడు అట్లాగే చేసిందట. మా ఆయనకు ఏమైందో గానీ, నా బిడ్డ మాత్రం ఆ తర్వాత లక్స్ సబ్బు చూస్తే చాలు పరిగెత్తేది. మా ఆయన సెల్‌ఫోన్‌లో బొమ్మలు పెట్టి తలుపు దగ్గర ఊపుతూ నిలబడేవాడు. నేను అరటిపండుతో నిలబడేదాన్ని. అత్తమ్మ దిష్టి తీయడానికి మిరపకాయలతో నిలబడేది. మధ్యలో కమోడ్ మీద పిల్ల, కాళ్లు రెండూ గాల్లో వేలాడుతూ.

"అచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలేదా?"

"జర ముక్కు, జర ముక్కు!"

పొద్దున్నే సిరిసిల్ల నుంచి అమ్మ ఫోను. తిన్నారా, బాగున్నారా అనేది తర్వాత. సాంచాల చప్పుడు మీదుగా మొదటి మాట "ఇయ్యాల పోయిందా?" అనే.

బడి తెరిచారు. నర్సరీలో చేర్పించాం. కొన్నాళ్లకే ఒక మధ్యాహ్నం బడి ఆయమ్మ పిల్లను తీసుకొచ్చి, తడిసిన చెడ్డీని ప్లాస్టిక్ కవర్లో నా చేతికిచ్చింది. పల్చగా కొంచెం కొంచెం కారి అంటుకుంది. తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత మేడం ఫోను చేసి, అలవాటయ్యేదాకా కొన్ని రోజులు ఇంట్లోనే ఉంచుకోమంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఊరందరికీ తెలుసు. కమోడ్ మీద కూర్చోబెడితే రాదు, చెడ్డీలో మాత్రం వస్తుందా! కావాలనే చేస్తోందని అరిచాను. మా ఆయన "మెల్లగ మాట్లాడు" అంటే ఆయన మీద కూడా అరిచాను.

ఒకరోజు జాకెట్ల గుడ్డకు లైనింగ్ తేవడానికి బజారుకు పోతూ, పిల్లను ఖాలా దగ్గర వదిలాను. అప్పటికే నేను ఇంట్లో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. తిరిగి వచ్చి గేటు తీస్తుంటే బిడ్డ నవ్వు వినపడింది. ఖాలా పిండి ముద్దలు చేసిస్తుంటే ఇది చిన్న రొట్టెలు చేస్తోంది. ఎంతో సంతోషంగా ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూడగానే దాని నవ్వు ఆగిపోయింది. రెండు కాళ్లూ దగ్గరికి చేసుకుని, గబగబా మంచం కిందికి దూరింది.

దాన్ని నేనేమీ అడగలేదు. అడుగుతానేమోనని దాక్కుంది.

దొడ్డికి రాకపోతే మందులున్నాయి, డాక్టర్లున్నారు. కన్నబిడ్డ తల్లిని చూసి మంచం కిందికి దూరితే దానికి మందెక్కడ దొరుకుతుంది? నేను అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చాను. ఖాలా పిండి చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడ్వకు బేటీ. ఒక మాట చెప్త, కోపం చెయ్యకు" అంది. "మీ ఇంట్ల జరిగేదంత నాకు కిందికి ఇనబడ్తది. గింతమంది దర్వాజ కాడ నిలబడి అచ్చిందా, అచ్చిందా అంటె నాకైతె జిందగీల రాదు."

ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత సీరియస్‌గా, "నా మనుమడికి గిట్లనే అయితె జగిత్యాలల డాక్టరమ్మ మంచిగ చేసింది. రేపు పోదాం పా, నేనొస్త" అంది. మర్నాడు నిజంగానే బురఖా వేసుకుని, సంచిలో పిల్ల కోసం బిస్కెట్లు పెట్టుకుని, బస్సు టైముకు నాకంటే ముందే గేటు దగ్గర నిలబడింది. సొంత అక్క ఉన్నా అంత చేస్తుందో లేదో. బస్సులో పిల్ల ఆమె ఒళ్లోనే నిద్రపోయింది.

డాక్టరమ్మ పిల్ల పొట్ట మెల్లగా నొక్కి చూసింది. చాలాసేపు నన్ను ప్రశ్నలడిగింది. చివరికి, "పాప మొండితనం చేస్తలేదమ్మా" అంది. "లోపల గట్టిపడి జమైంది. దాని పక్కకెల్లి పల్చగ కారుతది. కారేది పాపకు తెల్వది. తెల్వనిదానికి కొడితె ఏమొస్తది?"

"కొడ్తలేను మేడం. ఒర్రుతున్న, అంతే" అని నా అరుపుల సంగతి ఒప్పుకున్నాను.

"ఒర్రుడు గూడ బంద్ చెయ్యి."

ఆ మాట నన్ను తిట్టినట్టు లేదు, చీటీలో మందు రాసినట్టే ఉంది. అన్నం తిన్నాక కాసేపు కూర్చోబెట్టమంది, వచ్చినా రాకపోయినా లేపేయమంది. తీయటి మందు ఇచ్చింది. పిల్ల బాగుపడినట్టు కనపడగానే ఆపేయొద్దు, నెలల తరబడి పడుతుంది, నేను చెప్పినప్పుడే తగ్గించాలి అంది. ఆముదం, సబ్బు రెండూ ఇంట్లోంచి తీసేయమంది. "సబ్బు తీసెయ్యను మేడం, చేతులెట్ల కడుక్కోవాలె?" అంటే పకపకా నవ్వింది. కాళ్లు గాల్లో వేలాడకూడదు, కింద ఏదైనా ఆనాలి అని కూడా చెప్పింది. బయటికొచ్చాక నా ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. నా బిడ్డ మొండిది కాదు. అంతకంటే మంచి కబురు ఆ ఏడాది నేను వినలేదు. ఆ డాక్టరమ్మ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మందుతో నొప్పి పోయింది. మెత్తగా రావడం మొదలైంది. కానీ బీరువా వెనకే, నిలబడే, చెడ్డీలోనే. కాళ్ల కింద పెట్టడానికి ప్లాస్టిక్ స్టూలు కొన్నాను. అది టైల్స్ మీద జారింది. అంతే, బాతుకు తోడు స్టూలు కూడా శత్రువైంది. నేను ఒర్రడం మానేశాను, నిజంగానే మానేశాను. అడగడం కూడా మానేశాను. నోరు మూసుకుని, ఎదురుగా నిలబడి, పిల్ల మొహంలోకి చూస్తూ ఉండేదాన్ని. పిల్ల తల వంచుకుని ఉండేది.

అట్లా ఉండగా బాపుకు జ్వరమొచ్చిందని నేనూ బిడ్డా సిరిసిల్ల పోయాం. జ్వరం పెద్దదేం కాదు, మేం పోయేసరికే లేచి సాంచాల దగ్గర ఉన్నాడు. మర్నాడు పొద్దున టీ తాగుతుంటే, బిడ్డ అమ్మమ్మ దగ్గరికి పోయి నిలబడింది. అమ్మ అరుగు మీద కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది.

"అమ్మమ్మా, కాళ్లు వెట్టవా?"

అమ్మ కత్తెర ఆపింది. "నా మోకాళ్లు మునుపటి లెక్క లెవ్వు బిడ్డా. నువ్వు గూడ పెద్దగైనవ్" అంది. అంటూనే అరుగు అంచుకు జరిగి, కాళ్లు కిందికి చాపి, పాదాలు రెండూ నేలకు ఆనించింది. పేపరు వేసింది. నా బిడ్డ చెడ్డీ విప్పుకుని, ఎవరూ చెప్పకుండానే పోయి ఆ పాదాల మీద కూర్చుంది. దాని పాదాలు అటూ ఇటూ నేల మీద గట్టిగా ఆనాయి. రెండు చేతులతో అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుంది. అమ్మ ఒక చేత్తో పక్కనున్న ఆకు కట్టను దగ్గరికి లాక్కుని, మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టింది.

నేను లేచి దగ్గరికి పోబోయాను. అమ్మ తల ఎత్తకుండానే, "టీ చల్లారిపోతది, తాగు" అంది.

కూర్చున్నాను. పక్క షెడ్డులో సాంచాలు టకటకమంటున్నాయి. అమ్మ ఆకు తిప్పుతోంది, కత్తిరిస్తోంది, పక్కన పెడుతోంది. పిల్ల వాకిట్లో పోయే కోడిని చూస్తోంది. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు మరిచిపోయినట్టున్నారు. కాసేపటికి పిల్ల, "అయింది" అంది.

"ఆ" అంది అమ్మ. అంతే. చప్పట్లు లేవు, శభాష్ లేదు. ఆ ఆకు పూర్తిగా కత్తిరించి, అప్పుడు లేచింది.

నాకు కళ్లమ్మట నీళ్లు. గ్లాసులో టీ తొరకకట్టి ఉంది.

మర్నాడు ఆ చోట నేను కూర్చున్నాను. కాళ్లు చాపి, పాదాలు ఆనించి, "రా బిడ్డా, నా కాళ్ల మీద కూసో" అన్నాను. పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వద్దు."

"ఎందుకే?"

"నువ్వు సూస్తవ్."

అమ్మ వైపు తిరిగి, "నువ్వు సూడవా?" అని అడిగాను.

"నాకేడ తీరుతది? సందుల ఆకు కత్తిరించుకోకపోతె బీడీలెప్పుడు చుట్టాలె?" అంది అమ్మ. "చిన్నప్పటి సంది గంతే గద. అది దాని పని చేస్కుంటది, నేను నా పని చేస్కుంట."

అమ్మ అదేదో ఉపాయమనుకుని చేసింది కాదు. ఆమెకు నిజంగానే తీరిక లేదు. బీడీలు చుట్టేవాళ్ల కళ్లు ఆకు మీదే ఉంటాయి. చేతులు ఆగితే పని ఆగుతుంది. పిల్లను పాదాల మీద కూర్చోబెట్టుకుని కూడా ఆకు కత్తిరిస్తూనే ఉండేది. ఆ పనివల్ల నా బిడ్డకు మూడేళ్లపాటు దొరికింది ఏమిటంటే, పక్కన మనిషి ఉంటుంది కానీ మొహంలోకి చూడదు. మేం కోరుట్లలో ఇచ్చింది సరిగ్గా తలకిందులు. కాళ్ల కింద ఏమీ లేదు, మొహం ముందు మాత్రం అందరం ఉన్నాం.

నేను లోపలికి పోయి సంచిలోంచి ఒక జాకెట్ తెచ్చుకున్నాను. హుక్కులు కుట్టాల్సినది. వెంట తెచ్చుకున్న పని అది. అరుగు మీద కూర్చుని, కాళ్లు చాపి, సూదిలో దారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టాను. పిల్లను పిలవలేదు. చాలాసేపు అది దూరం నుంచే నన్ను కనిపెట్టింది. నేను చూస్తానేమోనని చూసింది. తర్వాత మెల్లగా వచ్చి నా పాదాల మీద కూర్చుంది. నా మోకాళ్ల మీద దాని చిన్న చేతులు పడ్డాయి.

ఆ బరువు నేనెన్నడూ మోయలేదు. మూడేళ్లు మా అమ్మే మోసింది. వెచ్చగా, మెత్తగా, నమ్మకంగా నా పాదాల మీద కూర్చున్న బిడ్డను చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు. వంచిన తల ఎత్తకుండా కుట్టాను. ఆరోజు ఏమీ రాలేదు. లేచి ఆడుకోవడానికి పోయింది. అయినా నాకు పండగలాగే ఉంది. ఆ జాకెట్‌కు హుక్కులన్నీ తప్పు వైపు కుట్టానని తర్వాత చూసుకున్నాను.

బాపుకు సంగతంతా చెబితే, జ్వరం పడి లేచిన మనిషి అప్పటికప్పుడు పీట పనిలో దిగాడు. షెడ్డులో మూలన పడి ఉన్న పాత సాంచా చెక్క తీశాడు. కోరుట్లలో ఉన్న మా ఆయనకు వీడియో కాల్ చేసి, "అల్లుడా, ఆ కూసునేదాని ఎత్తెంతో టేపు పెట్టి చూడు" అన్నాడు. మా ఆయన షాపు మూసి ఇంటికి పోయి, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో టేపు పట్టుకుని కమోడ్ కొలిచాడు. మామ, అల్లుడు అంతసేపు మాట్లాడుకోవడం నేను అదే చూడడం. బాపు పిల్లను బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి, పాదాలు ఆనేదాకా చెక్కలు పేర్చి కొలత తీశాడు. మూలలు గరుకు లేకుండా చిత్రిక పట్టాడు. టైల్స్ మీద జారకుండా కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు కొట్టాడు. పిల్ల దాని మీద ఎక్కి గెంతింది. పీట కదల్లేదు.

బస్సులో ఆ పీటను ఒళ్లో పెట్టుకుని కోరుట్ల వచ్చింది నా బిడ్డ.

బాతు సీటును పారేశాం. చిన్న రంధ్రంతో గట్టిగా బిగుసుకునే సీటు మా ఆయన వెతికి తెచ్చాడు. పిల్ల కమోడ్ మీద, దాని పాదాలు పీట మీద, దాని ఎదురుగా చిన్న స్టూలు మీద నేను, నా ఒళ్లో ఎవరిదో ఒకరి జాకెట్. దాని చేతులకు నా మోకాళ్లు. బాత్రూంలో కూర్చుని హుక్కులు కుట్టే టైలర్ని కోరుట్లలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ జాకెట్లు వేసుకున్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

మొదటి రోజు పిల్ల చుట్టూ చూసి, "సాంచాలేవి?" అంది. నిజమే, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మల్లాపూర్ నుంచి మళ్లీ వచ్చి ఉన్న అత్తమ్మ వంటింట్లో గరిటె పెట్టిన చప్పుడు కూడా వినపడుతోంది. ఆ మాట ఖాలాకు చెప్పాను. మర్నాటి నుంచి పైన పీట జరిగిన చప్పుడు కాగానే ఆమె కింద బోరు మోటరు వేసేది. ట్యాంకు నిండి, నీళ్లు మేడ మీద నుంచి వాకిట్లోకి దూకుతున్నా కట్టేసేది కాదు. ఒకరోజు వాళ్లాయన "పాగల్ అయినవా?" అని అరిస్తే, "చుప్! పైన పిల్ల కూసున్నది" అన్న ఆమె మాట మాకు పైకి వినపడింది. ఆ ఇంట్లో అప్పుడు అందరికీ తెలిసిన రహస్యం అదే.

అత్తమ్మకు కూడా నేను రుణపడి ఉన్నాను. ఆమెకు అడగకుండా ఉండడం చాలా కష్టం. తలుపు దాకా వచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి పోయేది. ఆ కొంగు ఆమె పెట్టుకున్న పెద్ద ఒట్టు. అమ్మ కూడా ఫోనులో మొదట "తిన్నరా?" అనడం నేర్చుకుంది.

ఎన్నాళ్లకో చెప్పలేను, లెక్క పెట్టలేదు. మధ్యలో బీరువా వెనకకు పోయిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో కడిగి, ఊరుకునేదాన్ని. నాకు ఊరుకోవడమంటే మాటలా! బిగపట్టీ బిగపట్టీ పళ్లు నొప్పి పుట్టేవి. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను మిషను మీద ఉన్నాను. వెనక నుంచి గరగరమని చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే బిడ్డ పీటను బాత్రూం వైపు లాక్కుపోతోంది. గుమ్మం దగ్గర ఆగి, నన్ను చూసి,

"అమ్మా, నీ పని తెచ్చుకో" అంది.

నన్ను చూసి మంచం కిందికి దూరిన పిల్ల నన్ను రమ్మని పిలిచింది. మిషను మీద ఉన్న గుడ్డను ఉన్నపళంగా లాగితే దారం తెగింది. పోయి స్టూలు మీద కూర్చున్నాను. సూదికి దారం కూడా లేదు. ఉత్త సూదితోనే గుడ్డలో పైకీ కిందికీ కుట్టాను, తల ఎత్తలేదు. కింద మోటరు మోగింది.

"అయింది."

"ఆ" అన్నాను, మా అమ్మలాగే.

ఆ తర్వాత బడికి మళ్లీ పోయింది. అక్కడి బాత్రూంలో ఉన్నది నేల మీద కూర్చునేది, కాళ్లు ఆనుతాయి కాబట్టి దానికి భయమే లేదు. ఆయమ్మకు ఒక్కటే చెప్పాను, పక్కన ఉండు గానీ మొహం చూడొద్దని. ఆమె నన్ను వింతగా చూసింది, అయినా చెప్పినట్టే చేసింది. ఆమెకూ దండం. మందు డాక్టరమ్మ చెప్పినట్టు చాలా నెలలు వాడి, మెల్లగా తగ్గించి ఆపాం.

ఇప్పుడు బిడ్డ ఒకటో తరగతి. మొన్న ఆదివారం అన్నం తిని బాత్రూంలోకి పోయింది. నేను అలవాటుగా ఒక జాకెట్ పట్టుకుని వెనకే పోయాను. తలుపు నా మొహం మీదే మూసుకుంది. లోపల గడియ పడింది. పీట జరిగిన చప్పుడు. నేను హుక్కులు, సూది పట్టుకుని బయట నిలబడిపోయాను.

"అమ్మా, ఆడనే ఉన్నవా?"

"ఆ, ఉన్న."

"నువ్వు పోయి మిషన్ కాడ కూసో. అయినంక నేనే పిలుస్త."

సరేనని వచ్చి మిషను దగ్గర కూర్చున్నాను. కింద ఖాలా మోటరు వేసింది. పిలుస్తానంది కాబట్టి, కుడుతూ కూర్చున్నాను.